కింగ్స్‌పోర్ట్‌కి మారుతున్నారా? ముందు ఆ ఊరి నక్షా చదవండి

ప్రశ్న క్లుప్తంగా: "మావారికి టెన్నెసీ రాష్ట్రం కింగ్స్‌పోర్ట్‌లో కెమికల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. పిల్లలతో డాలస్ నుంచి మారాలి. కొండల్లో చిన్న ఊరంటున్నారు. అసలు ఆ ఊరి కథేంటి, జనం ఎలా ఉంటారు, ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?"

ముందు ఆ కొండల పేరు పలకడం నేర్చుకోండి. టీవీలో వినే 'యాపలేషియన్' అక్కడ నడవదు. 'యాపలాచన్' అనాలి, 'లా' మీద ఊనిక. తప్పు పలికితే ఎవరూ ఏమీ అనరు గానీ, పైనుంచి దిగిన వాళ్లని ఆ ఒక్క మాటతో పోల్చుకుంటారు.

రెండో సంగతి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కింగ్స్‌పోర్ట్ కొండల మధ్య దానంతటది పెరిగిన పల్లె కాదు. కాగితం మీద గీసి, ఏ ఫ్యాక్టరీ ఎక్కడ, ఏ వీధి ఎక్కడ అని ముందే అనుకుని కట్టిన ఊరు. జనాభా 55 వేల పైచిలుకు. పక్కనున్న జాన్సన్ సిటీకి యూనివర్సిటీ ఉంది, బ్రిస్టల్‌కి కార్ల రేసులున్నాయి, ఈ ఊరికి మాత్రం ప్లాంటు ఉంది. ఇల్లెక్కడ కొనాలన్నా, ఊళ్లో ఎవరితో ఎలా కలవాలన్నా తిరిగి తిరిగి ఆ నక్షా దగ్గరికే వస్తాం, అందుకే చరిత్రతో మొదలుపెడుతున్నాను.

హోల్‌స్టన్ నది ఉత్తర పాయ, దక్షిణ పాయ కలిసేది ఇక్కడే. దక్షిణ పాయలో లాంగ్ ఐలాండ్ అనే లంక ఉంది. ఇక్కడి మూలవాసులైన చెరోకీలకు అది పవిత్రమైన చోటు, మంతనాలూ ఒప్పందాలూ అక్కడే జరిపేవాళ్లు. 1775లో డేనియల్ బూన్ అనే వేటగాడు ముప్పై మంది దాకా గొడ్డళ్లవాళ్లని వెంటేసుకుని కెంటకీ వైపు వైల్డర్‌నెస్ రోడ్డు కొట్టడం మొదలెట్టింది అక్కణ్ణుంచే. 1777 ఒప్పందంలో చుట్టుపక్కల నేలంతా వదులుకున్నా చెరోకీలు లంకని మాత్రం తమకే ఉంచుకున్నారు. 1806లో అదీ పోయింది. 1976లో నగరం అందులో 3.61 ఎకరాలు ఈస్టర్న్ బ్యాండ్ చెరోకీలకు తిరిగి రాసిచ్చింది. మిగతా లంకలో ఇవాళ చాలావరకు ఫ్యాక్టరీలూ పైపులూ. వెళ్లి చూసేవాళ్లు ఏదో పెద్ద స్మారకం ఉంటుందనుకుని వెళ్లకండి.

బూన్ తర్వాత ఇది పడవల రేవు. వర్జీనియాలోని సాల్ట్‌విల్ నుంచి ఉప్పు బళ్ల మీద వచ్చి ఇక్కడ పడవలకెక్కి నది దిగువకి పోయేది. ఆ ఉప్పు వ్యాపారి విలియం కింగ్, రేవు కింగ్‌ది. నది ఒడ్డున నెదర్లాండ్ ఇన్ ఆనాటి సత్రం, ఇప్పటికీ నిలబడే ఉంది. 1822లో ఊరికి చార్టర్, అంటే పట్టణంగా గుర్తించే పత్రం, వచ్చింది, అంతర్యుద్ధం తర్వాత చితికిపోయి 1879లో ఆ చార్టరూ పోయింది. ముప్పై ఏళ్లు పొలాలే.

1909లో క్లించ్‌ఫీల్డ్ రైలు మార్గం వచ్చింది. వర్జీనియా బొగ్గుని దక్షిణాదికి చేరవేయడానికి జార్జ్ కార్టర్ వేయించిన లైను అది. రైలుకి బొగ్గొక్కటే చాలదు, సరుకు తయారుచేసే ఊళ్లు కూడా కావాలి. ఆ పని నెత్తికెత్తుకున్నది న్యూయార్క్ డబ్బున్న జాన్ బి. డెన్నిస్, కార్టర్ బావమరిది జె. ఫ్రెడ్ జాన్సన్. నక్షా గీయడానికి మసాచుసెట్స్ నుంచి జాన్ నోలెన్ అనే పట్టణ ప్రణాళికకారుణ్ణి పిలిపించారు. 1917లో కొత్త చార్టర్‌తో పాటే సిటీ మేనేజర్ పద్ధతి కూడా తెచ్చుకున్నారు: రాజకీయాలు కౌన్సిల్‌వి, పాలన జీతం తీసుకునే మేనేజర్‌ది. మీరు డౌన్‌టౌన్‌లో రైల్వే స్టేషన్ ముందు నిలబడి బ్రాడ్ స్ట్రీట్ వెంట చూడండి. వీధి నేరుగా వెళ్లి ఒక గుండ్రటి కూడలి దగ్గర ఆగుతుంది, దాని చుట్టూ చర్చిలు. అదే చర్చ్ సర్కిల్. ఒక చివర రైలు, ఇంకో చివర దేవుడు, మధ్యలో అంగళ్లు. నోలెన్ బుర్రలో ఊరంటే ఏంటో ఆ ఒక్క వీధి చెప్పేస్తుంది.

నన్నడిగితే ఈ ఊళ్లో అన్నిటికంటే తెలివైన పని ఫ్యాక్టరీల ఎంపిక. ఒకడి పిప్పి ఇంకొకడికి సరుకు. కొండల నిండా చెస్ట్‌నట్ చెట్లు. ఆ కలపలోంచి తోళ్లు పదును చేయడానికి పనికొచ్చే కషాయం తీసేది ఒక ఫ్యాక్టరీ. మిగిలిన చెక్కముక్కలు పక్కనున్న పల్ప్ మిల్లుకి. పల్ప్ కాగితమవుతుంది. కాగితం కింగ్స్‌పోర్ట్ ప్రెస్‌కి, పుస్తకాలు అచ్చయి బైండయ్యేది అక్కడ. అట్టకి గుడ్డ కావాలంటే బుక్‌క్లాత్ మిల్లు కూడా ఇక్కడే. కట్టడాలకి సిమెంటూ ఇటుకా ఊళ్లోనే కాల్చుకునేవాళ్లు. మన పల్లెల్లో గానుగ తెలకపిండి గేదెల దాణాకి, గేదెల పేడ పొలానికి పోతుంది చూడండి, అదే లెక్క.

ఇందులో బలహీనత కూడా అదే. గొలుసులో ఒక కొక్కెం ఊడితే పక్కది ఊగుతుంది. చెస్ట్‌నట్ చెట్లని తెగులు తినేసింది. ప్రెస్‌లో 1963లో మొదలైన సమ్మె నాలుగేళ్లు సాగి చివరికి యూనియన్లు ఓడిపోయాయి. ఎవరి తాత గేటు బయట నిలబడ్డాడు, ఎవరి తాత గీత దాటి లోపలికెళ్లాడు అన్నది కొన్ని ఇళ్లలో ఇంకా మాటల్లో పెట్టని విషయం. కొత్తవాళ్లు దాన్ని కదపకపోవడం మంచిది. ప్రెస్ ఇప్పుడు లేదు. కాగితం మిల్లు చేతులు మారి మారి, ఇప్పుడు పాత అట్టపెట్టెల నుంచి కొత్త అట్ట తీసే మిల్లయింది.

నిలబడింది ఈస్ట్‌మన్, ఊరి కెమికల్ ప్లాంటు. మొదటి ప్రపంచ యుద్ధంలో కోడాక్‌కి ఫిల్ము తయారీకి కావాల్సిన రసాయనాలు దొరక్క ఇబ్బందయింది. అందుకని 1920లో కోడాక్ అధిపతి జార్జ్ ఈస్ట్‌మన్ ఇక్కడ సగంలో ఆగిపోయిన చెక్క బట్టీ ప్లాంటు కొన్నాడు. కలపని గాలి తగలకుండా కాల్చి ఉడ్ ఆల్కహాల్, అంటే మిథనాల్ తీయడం దాని పని. అక్కణ్ణుంచి అసిటేట్ నూలు, ప్లాస్టిక్కులు. రెండో ప్రపంచ యుద్ధంలో పక్కనే హోల్‌స్టన్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో ఆర్‌డీఎక్స్ తీసింది ఈ కంపెనీ మనుషులే. ఓక్ రిడ్జ్‌లో యురేనియం వేరుచేసే వై-12 ప్లాంటుని నడిపిందీ వీళ్లే. 1983లో బొగ్గు నుంచి అసిటిక్ అన్‌హైడ్రైడ్ తీసే ప్లాంటు పెట్టారు, మీవారు కెమికల్ ఇంజనీరైతే దాని పేరు చదివే ఉంటారు. 1994లో కోడాక్ నుంచి విడిపోయింది. కోడాక్ దివాలా తీసింది, ఇది బతికింది. 2024లో వాడేసిన ప్లాస్టిక్‌ని మళ్లీ మూలపదార్థాలుగా విడగొట్టే ప్లాంటు మొదలైంది.

దీనికి ఇంకో వైపు కూడా తెలిసి వెళ్లండి. 1960 అక్టోబర్ 4న అనిలిన్ అనే రసాయనం తీసే ప్లాంటు పేలి 16 మంది పోయారు. 2022 జనవరి ఆఖర్న ఒక ఆవిరి పైపు పగిలితే దాని మీద చుట్టిన ఆస్‌బెస్టాస్ ముక్కలు చుట్టుపక్కల ఇళ్ల మీద పడ్డాయి. నోలెన్ నక్షాలో నల్లవాళ్లకి వేరే పేట, తర్వాత కట్టిన రివర్‌వ్యూ కూడా ఫ్యాక్టరీల పొగ కిందే. వాళ్ల డగ్లస్ హైస్కూల్ 1966లో మూతపడి పిల్లలు నగర హైస్కూల్ డాబిన్స్-బెనెట్‌లో కలిశారు. ఆ బడి కట్టడం ఇప్పుడు ఆ పేట కమ్యూనిటీ సెంటర్. 'మోడల్ సిటీ' అని ఊరు చెప్పుకునే పేరుని ఆ వీధుల్లోంచి కూడా ఒకసారి చూడాలి.

ఇక ఇల్లు. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు, చిరునామాలో 'కింగ్స్‌పోర్ట్' అని ఉంటే ఊరి హద్దులో ఉన్నట్టేననుకోవడం. అది పోస్టాఫీసు పేరు మాత్రమే. నగరం ఏళ్ల తరబడి ముక్కలు ముక్కలుగా పేటలని కలుపుకుంటూ పోయింది. 2014లో రాష్ట్రం యజమానుల సమ్మతి గానీ, అక్కడివాళ్ల ఓటు గానీ లేకుండా కలుపుకోకూడదని చట్టం చేసింది. దాంతో హద్దు చేతివేళ్లలా ఆగిపోయింది. కలోనియల్ హైట్స్ లాంటి చోట ఒక ఇల్లు ఊళ్లో, దాని ఎదురిల్లు ఊరి బయట కౌంటీలో, అంటే జిల్లా పాలన కింద, ఉండొచ్చు. ఊళ్లో ఉంటే రెండు పన్నులు, కౌంటీది, సిటీది. కౌంటీలో ఉంటే ఒకటే, కానీ బడి మారిపోతుంది. ఊరి పిల్లలు కింగ్స్‌పోర్ట్ సిటీ స్కూళ్లకి, చివర్లో డాబిన్స్-బెనెట్‌కి. కౌంటీ పిల్లలు సల్లివన్ కౌంటీ స్కూళ్లకి. అక్కడ మూడు పాత హైస్కూళ్లని కలిపి 2021లో వెస్ట్ రిడ్జ్ అని కొత్తది తెరిచారు. బయట ఉండి ఫీజు కట్టి సిటీ బడిలో చేరే వీలుంది, కానీ సీటుంటేనే.

కనుక ఆఫర్ పెట్టేముందు టెన్నెసీ ఆస్తుల వివరాల సైటులో ఇంటి చిరునామా కొట్టి, సిటీ అన్న గడిలో కింగ్స్‌పోర్ట్ అని ఉందా, ఖాళీనా చూడండి. ఏజెంటు నోటిమాట చాలదు. పన్ను లెక్క ఇలా: టెన్నెసీలో ఇంటి విలువలో 25 శాతం మీదే పన్ను. మూడు లక్షల డాలర్ల ఇంటికి లెక్కలోకొచ్చేది 75 వేలు. రేటు ప్రతి వంద డాలర్లకీ ఇంత అని ఉంటుంది. రేటులో ప్రతి ఒక్క డాలరుకీ మీ జేబులోంచి ఏడాదికి 750. సిటీ రేటు, కౌంటీ రేటు ఆ ఏడాదివి తీసుకుని ఇలా గుణించుకోండి. ఊరి పడమటి కొస హాకిన్స్ కౌంటీలోకి పోతుంది, అక్కడ కౌంటీ రేటు వేరు.

పది నిమిషాలు పోతే వర్జీనియా. వెబర్ సిటీ, గేట్ సిటీల్లో ఇళ్లు చవగ్గా కనిపిస్తాయి. టెన్నెసీలో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, వర్జీనియాలో ఉంది. పైగా అక్కడ కారు మీద ఏటా ఆస్తిపన్ను కట్టాలి. టెక్సాస్‌లో అలవాటుపడ్డవాళ్లకి ఇది గట్టి షాక్. మీరు టెన్నెసీలో ఉంటూ వర్జీనియాలో ఉద్యోగం చేసినా ఆ జీతం మీద వాళ్ల పన్ను తప్పదు. మీరు ఉద్యోగం ఎక్కడ వెతకాలో ఆలోచించేటప్పుడు ఇది లెక్కలో పెట్టుకోండి. టెన్నెసీలో సేల్స్ టాక్స్ మాత్రం ఎక్కువే, కిరాణా సరుక్కి కూడా రాష్ట్రం 4 శాతం, దానిమీద స్థానికం.

ఇల్లు చూడ్డానికి మధ్యాహ్నం ఒక్కసారి వెళ్లి తేల్చేయకండి. తెల్లవారుజామున ఒకసారి వెళ్లండి. ఇది లోయ. రాత్రి చల్లగాలి అడుగున పేరుకుని, పైన వెచ్చటి పొర మూతలా పడుతుంది, పొగమంచుతో పాటు ప్లాంటు వాసన కూడా కిందే ఉండిపోతుంది. ఎండ ఎక్కాక అదే ఇంట్లో ఏమీ తెలియదు. కారు దారి ఉత్తరం వైపు వాలి ఉందేమో చూడండి. జనవరిలో వీధంతా ఆరిపోయినా అలాంటి వాలు మీద ఐసు రోజుల తరబడి ఉంటుంది, డాలస్ టైర్లతో కారు ఎక్కదు. రీడీ క్రీక్ లాంటి వాగుల పక్కన ఇల్లయితే వరద మ్యాపు చూడండి. మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద ఉండదు, ప్రభుత్వ వరద పాలసీ తీసుకున్నా సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకొస్తుంది. వాన మొదలయ్యాక ఫోన్ చేస్తే లాభం లేదు.

రేడాన్ మాట కూడా చెప్పాలి. ఈ నేలలో సున్నపురాయి ఎక్కువ, సల్లివన్ కౌంటీ ప్రభుత్వ రేడాన్ మ్యాపులో అన్నిటికంటే ఎక్కువ అవకాశమున్న మొదటి జోన్‌లో ఉంది. రంగూ వాసనా లేని వాయువు, నేల పగుళ్లలోంచి బేస్‌మెంట్‌లోకి వస్తుంది. కొనేముందు పరీక్ష చేయించండి. చేసేటప్పుడు తప్పెక్కడ జరుగుతుందంటే, అమ్మేవాళ్లు ఇల్లు చూపించడానికని కిటికీలు తీసి ఉంచుతారు. పరీక్షకి 12 గంటల ముందు నుంచీ, పరీక్ష జరిగే కనీసం 48 గంటలూ తలుపులూ కిటికీలూ మూసి ఉండాలి. పరికరం మనుషులు మసిలే అట్టడుగు అంతస్తులో పెట్టాలి, పై బెడ్‌రూంలో కాదు. లీటరుకి 4 పికోక్యూరీలు, లేదా అంతకంటే ఎక్కువ వస్తే పైపూ ఫ్యానూ పెట్టించాలి. ఆ ఖర్చు బేరంలోనే తేల్చుకోండి.

జనం విషయానికొస్తే, మొదటి పది నిమిషాల్లో వచ్చే ప్రశ్న "మీరే చర్చికి వెళ్తారు?" కంగారు పడకండి, మతం మార్చడానికి కాదు. మన దగ్గర "మీదే ఊరు, ఎవరి తాలూకు?" అన్నట్టే అది. మేం హిందువులం, గుడికి నాక్స్‌విల్ దాటి లెనోయర్ సిటీ వెళ్తామని మామూలుగా చెప్పేయండి, మాట దానంతటది ముందుకి పోతుంది. బుధవారం సాయంత్రాలు కూడా చాలా చర్చిల్లో కార్యక్రమాలుంటాయి, పిల్లల పుట్టినరోజు ఆ సాయంత్రం పెడితే సగం మంది రారు.

శరదృతువులో శుక్రవారం రాత్రి అంటే అమెరికన్ ఫుట్‌బాల్. జె. ఫ్రెడ్ జాన్సన్ పేరు పెట్టిన స్టేడియంలో డాబిన్స్-బెనెట్ జట్టు ఆడుతుంది. ఆ జట్టు పేరు 'ఇండియన్స్'. మీ అబ్బాయి మొదటి రోజు ఆ టీషర్టుతో ఇంటికొస్తే నవ్వుకోండి, ఆ ఇండియన్లు మనం కాదు, అమెరికా మూలవాసులు. ఆట అర్థం కాకపోయినా వెళ్లండి, బ్యాండు కోసమైనా. ఊరి మొహాలన్నీ ఒక్కచోట కనిపించేది అక్కడే.

జూలైలో తొమ్మిది రోజులు ఫన్ ఫెస్ట్, 1981 నుంచి జరుగుతోంది. దాన్ని నడిపేది ఎక్కువగా వాలంటీర్లే, కనుక చూడ్డానికి కాదు పనిచేయడానికి పేరివ్వండి. కొత్తవాళ్లకి ఇంతకంటే దగ్గరి దారి లేదు. రైతు బజారు పక్కనున్న గుర్రాల రంగులరాట్నం చూస్తే ఊరి తీరు తెలుస్తుంది. బొమ్మ ఒక్కొక్కటీ ఊరివాళ్లే చెక్క చెక్కి, సానపట్టి, రంగేసి 2015లో తెరిచారు. రంగు చెదిరితే మళ్లీ వాళ్లే వేసుకుంటారు. చెక్కపని నేర్చుకోవాలని ఉంటే అడగండి, చేతికి ఉలి ఇస్తారు గానీ డిగ్రీ అడగరు.

శాంటా ట్రైన్ గురించి తప్పకుండా వింటారు. 1943లో మొదలైంది. గనుల పల్లెల వాళ్లు ఏడాదంతా కింగ్స్‌పోర్ట్ అంగళ్లలో కొంటున్నారు కదా, వాళ్ల రుణం తీర్చుకోవాలని ఇక్కడి వ్యాపారులు వేసిన రైలు. నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ పండగ ముందు శనివారం కెంటకీ పైక్‌విల్ దగ్గర బయల్దేరి 110 మైళ్లు, దారిలో ఆగుతూ టన్నుల కొద్దీ బొమ్మలూ దుప్పట్లూ పంచుతూ కింగ్స్‌పోర్ట్ చేరుతుంది. దీన్ని దానధర్మం అనకండి, అక్కడ ఆ మాటకి నొచ్చుకుంటారు. వర్తకుడికీ ఖాతాదారుకీ మధ్య మర్యాద అది.

బేస్ మౌంటెన్ పార్కు 3,500 ఎకరాలు. అందులో 44 ఎకరాల చెరువు ఒకప్పుడు ఊరి తాగునీరు. 1944 తర్వాత ఆ అవసరం తీరిపోయింది, 1971లో పార్కుగా తెరిచారు. తోడేళ్లున్నాయి, ప్లానెటేరియం ఉంది. పిల్లలున్న ఇంటికి ఏడాది పాసు దండగ కాదు.

ఆసుపత్రుల మాట. 2018లో రెండు పోటీ సంస్థలు కలిసిపోయి బ్యాలడ్ హెల్త్ అయ్యాయి, చుట్టుపక్కల పెద్దాసుపత్రులన్నీ ఇంచుమించు దానివే. 2019లో కింగ్స్‌పోర్ట్ హోల్‌స్టన్ వ్యాలీ ఆసుపత్రి ట్రామా స్థాయిని, అంటే పెద్ద ప్రమాదాల్లో గాయపడ్డవాళ్లకి వైద్యం చేసే స్థాయిని, ఒకటి (అన్నిటికంటే పైది) నుంచి మూడుకి దించారు, నెలల తరబడి గేటు ముందు జనం నిరసన కూర్చున్నారు. నెలలు నిండకుండా పుట్టే బిడ్డల ప్రత్యేక వార్డు కూడా జాన్సన్ సిటీకి పోయింది. కడుపుతో ఉన్నవాళ్లుంటే ఆ 25 మైళ్లు ముందే లెక్కేసుకుని డాక్టర్ని ఎంచుకోండి.

భోజనం దగ్గర శాకాహారులు జాగ్రత్త. ఊళ్లో ఎక్కడికెళ్లినా 'సూప్ బీన్స్' అంటారు. పింటో చిక్కుడుగింజలు గంటలకొద్దీ ఉడికించి, పచ్చి ఉల్లిపాయ ముక్కలతో, మొక్కజొన్న రొట్టెతో పెడతారు. చూడ్డానికి మన పప్పూ ఉల్లిపాయే. కానీ అందులో పంది కాలి ఎముక వేసి ఉడికిస్తారు. పచ్చి బీన్స్ కూరలోనూ పంది కొవ్వు ముక్కే పోపు. "మాంసం ఉందా?" అంటే లేదంటారు, అబద్ధం కాదు, వాళ్ల లెక్కలో అది మాంసం కాదు, రుచి. "దేంతో ఉడికించారు?" అని అడగండి. బిస్కెట్ అనే మెత్తటి రొట్టెలో లార్డ్, అంటే పంది కొవ్వు, ఉందా అని కూడా. వసంతంలో కొండల మీద ర్యాంప్స్ అనే అడవి ఉల్లి దొరుకుతుంది, వెల్లుల్లికి పెద్దన్న. పప్పులో పోపు పెడితే బ్రహ్మాండం, మర్నాడు ఆఫీసులో మాత్రం అందరికీ తెలిసిపోతుంది.

తెలుగు కుటుంబాలు డాలస్‌తో పోలిస్తే వేళ్ల మీద లెక్క. మన సరుకుల పెద్ద కొనుగోలుకి నాక్స్‌విల్, లేదంటే షార్లెట్, అట్లాంటా దాకా పోతారు. అందుకే పెరడున్న ఇల్లు చూసుకోండి. గోంగూర గింజలు ఏప్రిల్ మొదట్లో ఇంట్లో కిటికీ దగ్గర కుండీల్లో వేసి, మే రెండో వారం దాటాక నాటండి. ఏప్రిల్ ఎండ చూసి తొందరపడి బయట పెడితే ఒక్క రాత్రి మంచుకి నల్లబడిపోతుంది. నేల బంకమట్టి, కంపోస్టు కలపకపోతే వేరు దిగదు. అక్టోబర్లో మొదటి మంచు పడేలోపు ఆకంతా దూసి పచ్చడి పెట్టేసుకోవాలి. కరివేపాకు మొక్క మాత్రం కుండీలోనే ఉంచండి, చలికాలం ఇంట్లోకి తేవాలి.